మూడో విజిల్‌కి వచ్చే పిల్లాడు

ప్రశ్న: నమస్తే అమ్మా. మా బాబుకి 6 ఏళ్లు. మూడో ఏట ఆటిజం అని చెప్పారు. అప్పటిదాకా నేను ఒక ప్రైవేటు బ్యాంకులో పనిచేసేదాన్ని. ఆ నెలలోనే ఉద్యోగం మానేశాను. మావారు సాఫ్ట్‌వేర్, ఎక్కువగా రాత్రి షిఫ్టు. అత్తయ్యగారు మా దగ్గరే ఉంటారు. హైదరాబాద్‌లో నిజాంపేట వైపు మా ఇల్లు. వారానికి 5 రోజులు థెరపీ, ఇంటికొచ్చాక దాని హోంవర్కు. ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడమని సెంటర్‌లో చెప్పారు, అలాగే చేస్తున్నాం. బాబు పలికిన ప్రతి మాటా నోటుబుక్కులో రాస్తాను. మూడేళ్లలో 11 మాటలు. అందులో 4 మళ్లీ వినపడలేదు. ఖాళీ దొరికితే ఫ్యాన్ కింద పడుకుని దాన్నే చూస్తుంటాడు.

ఏదైనా కావాలంటే నోటితో అడగడు. నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఆ వస్తువు మీద పెడతాడు. కుక్కర్ మూడో విజిల్ రాగానే ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి, ఒక చెవి మూసుకుని, నా చెయ్యి తీసి స్టవ్ నాబ్ మీద పెడతాడు. వాడికి నేను అమ్మలా కాక ఒక పనిముట్టులా కనిపిస్తున్నానేమో అని ఏడుపొస్తుంది.

అత్తయ్యగారు ‘దేవుడిచ్చింది ఒప్పుకోవాలమ్మా, వాడి మానాన వాణ్ని వదిలెయ్’ అంటారు. మా అమ్మ ఫోన్ చేసి ‘మొక్కై వంగనిది మానై వంగుతుందా, ఏం చేసినా ఇప్పుడే’ అంటుంది. వాట్సాప్‌లో స్నేహితురాలు, ఆవిడా ఇలాంటి పిల్లాడి తల్లే, స్టెమ్ సెల్ (మూల కణాల) చికిత్స గురించి చెప్పింది. 4 లక్షలట. మావారు లోన్ కోసం అడుగుతున్నారు. నేను కడుపుతో ఉన్నప్పుడు ఎనిమిదో నెల దాకా ఆఫీసుకి వెళ్లాను. ఏడాది పిల్లాడికి అన్నం తినిపించడానికి ఫోన్ ఇచ్చాను. ఇవే కారణమా అని రాత్రుళ్లు నిద్ర పట్టదు. మనసారా నవ్వి ఎన్నాళ్లయిందో. ఒప్పేసుకుంటే నేను ఓడిపోయినట్టా? ఒప్పుకోకుండా పోరాడుతూనే ఉంటే ఇక నేను సంతోషంగా ఉండేదెప్పుడు?
– ఒక తల్లి

సమాధానం: అమ్మా, ముందు కుక్కర్ సంగతి మాట్లాడుకుందాం. మిగతావన్నీ తర్వాత.

మీరు వంటింట్లో ఉన్నారు. బాబు హాల్లో ఫ్యాన్ కింద తన లోకంలో తనున్నాడని అనుకుంటున్నారు. మొదటి విజిల్ వచ్చింది, కదల్లేదు. రెండోది వచ్చింది, కదల్లేదు. మూడోదానికి లేచి పరుగెత్తుకొచ్చాడు. అంటే మొదటి రెండూ విన్నాడు. విని లెక్క పెట్టుకున్నాడు. మూడైతే అమ్మ స్టవ్ కట్టేస్తుందని ఎన్నాళ్లుగానో గమనించి గుర్తుంచుకున్నాడు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకి కొన్ని చప్పుళ్లు మనం ఊహించలేనంత గట్టిగా తగులుతాయి. ఆ విజిల్ వాడికి బాధగానే ఉండాలి, అందుకే ఒక చెయ్యి చెవి మీదికి వెళ్లింది. మరి రెండో చెవి? అదీ మూసుకోవచ్చు కదా. మూసుకోలేదు. ఆ చెవిని మోతకి వదిలేసి, ఆ చేత్తో మీ చెయ్యి పట్టుకున్నాడు.

మీరు ఏడ్చింది ఆ చెయ్యి గురించే. పెద్దవాళ్ల చేతిని ఇలా పట్టుకెళ్లి వస్తువు మీద పెట్టడం ఆటిజం పిల్లల్లో బాగా కనిపించేదే. పరీక్ష చేసేవాళ్లు దాన్ని లక్షణాల కింద రాసుకుంటారు, అది వాళ్ల పని. నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌గా 27 ఏళ్లు ఇలాంటి పిల్లల మధ్య గడిపాను. నాకు మాత్రం అది ఎప్పుడూ అడగడంగానే కనిపించింది. మాట లేని పిల్లాడు ‘అమ్మా, ఆపవూ’ అంటున్నాడు. ఇంట్లో ఇంతమంది ఉండగా ఆ మాట ఎవరితో చెప్పుకోవాలో కూడా వాడికి తెలుసు. మీ నోటుబుక్కులో 11 మాటలున్నాయన్నారు. ఇది అందులో ఉందా? ఉండదు, నోటితో అన్నది కాదు కదా.

ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్తాను. ఈసారి వాడు మీ చెయ్యి పట్టుకున్నప్పుడు గబుక్కున నాబ్ తిప్పెయ్యకండి. వాడి ఎత్తుకి వంగండి. ముఖం చూసి ఒకే ఒక్క మాట అనండి: ‘ఆపు’. అని, ఆపెయ్యండి. రోజూ అదే మాట, అదే గొంతు. వేరే ఏమీ కలపకండి. కొన్ని వారాలయ్యాక ‘ఆ...’ అని మొదలుపెట్టి నోరు తెరిచి ఉంచి, మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగండి. ఆ పది అంకెలు మీకు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. మధ్యలో మాట అందించెయ్యాలనిపిస్తుంది. అందించకండి. పది అయ్యాక వాడు ‘పు’ అన్నా, పెదవులు కదిపినా, ఏమీ అనకుండా మిమ్మల్నే చూస్తూ ఉన్నా, ఆపెయ్యండి. మాట పలికితేనే ఆపుతానని పట్టుపట్టొద్దు. చెవి నొప్పితో ఉన్న పిల్లాడితో బేరమాడకూడదు. వాణ్ని తనంతట తాను స్టవ్ ముట్టుకోనివ్వొద్దని, వంట కాగానే రెగ్యులేటర్ కట్టెయ్యాలని మీకు నేను చెప్పక్కర్లేదు.

మీరడిగిన పెద్ద ప్రశ్నకి నా జవాబు ఈ చిన్న పనిలోనే ఉంది. వాడు చెయ్యి పట్టుకుని అడుగుతాడు, అది వాడి భాష అని మీరు తీసుకున్నారు. దాన్ని వదిలించాలని చూడలేదు. అలా అని అక్కడే ఆగిపోలేదు కూడా, దాని పక్కన ఒక మాట పెట్టారు. ఒప్పుకోవడం, మార్చడం రెండూ ఒకే నిమిషంలో, ఒకే స్టవ్ దగ్గర జరిగాయి. ముందు ఒకటి ముగించి తర్వాత రెండోది మొదలుపెట్టాలని, రెంటిలో ఒకటే ఎంచుకోవాలని మీరు అనుకుంటున్నారు. మీ అత్తయ్యగారు ఒక చెయ్యి, మీ అమ్మగారు ఒక చెయ్యి పట్టుకుని లాగుతుంటే అలా అనిపించడంలో మీ తప్పు లేదు.

మానసిక వైద్యంలోనూ ఈ ముడి దగ్గర కొట్టుమిట్టాడినవాళ్లున్నారు. మార్షా లీనహన్ అని అమెరికాలో ఒక సైకాలజిస్టు. ప్రాణం తీసుకోవాలనుకునేంత బాధలో ఉన్నవాళ్లకి చికిత్స చేసేవారు. ‘నువ్వు మారాలి’ అని మాత్రమే చెప్తే వాళ్లు తమ బాధ ఎవరికీ అర్థం కాలేదని దూరమయ్యారు. ‘నువ్వు ఇలా ఉండటం సహజమే’ అని మాత్రమే అంటే ఇక తమకి దారి లేదని కుంగిపోయారు. చివరికి రెంటినీ కలిపి పట్టుకునే ఒక పద్ధతిని ఆవిడ తయారుచేశారు. 1993లో దాని మీద పుస్తకం వచ్చింది, ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. మీరున్న చోటికి, పరిశోధన చేసేవాళ్లు కూడా ఇబ్బంది పడుతూనే వచ్చారని చెప్పడానికే ఇది ఎత్తాను.

నాకు ఈ పాఠం పుస్తకాల కంటే ముందు మా ఇంట్లోనే తెలిసింది. మా తమ్ముడికి మేధో వైకల్యం ఉంది. మా చిన్నప్పుడు ఆ మాట లేదు, ‘మందమతి’ అనేవాళ్లు. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. మొదటి పదేళ్లు మా అమ్మ తిరగని గుడి లేదు, కట్టించని తాయెత్తు లేదు. ఎవరో చెప్పారని ఒక చోటికి తీసుకెళ్లి నాలుక మీద ఏదో పసరు పోయించింది. నోరంతా పుండై నెల రోజులు వాడు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత ఒక పేరున్న డాక్టరు ‘ఇక వీడికేమీ రాదమ్మా, ఉన్నన్నాళ్లు తిండి పెట్టి చూసుకోండి’ అన్నాడు. ఆ రోజుతో మా అమ్మ ఒప్పేసుకుంది. ఎంత ఓర్పో అని ఊరంతా మెచ్చుకున్నారు. అప్పటి నుంచి వాడికి అన్నం కలిపి నోట్లో పెట్టడం, స్నానం చేయించడం, చొక్కా తొడిగి గుండీలు పెట్టడం అన్నీ ఆవిడే. అది ప్రేమే. మేమందరం అలాగే అనుకున్నాం.

వాడికి 24వ ఏట మా పక్క వాటాలోకి ఒకావిడ అద్దెకొచ్చింది. కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఒకరోజు మా అమ్మ గుండీలు పెడుతుంటే చూసి, ‘వీడి వేళ్లు బాగానే పనిచేస్తున్నాయిగా వదినా’ అంది. మా నాన్న పాత చొక్కా ఒకటి అడిగి తీసుకుంది. చిన్న గుండీలు కోసేసి కోటు గుండీలంత పెద్దవి కుట్టింది. కాజాలు కాస్త వెడల్పు చేసింది. సాయంత్రం పని అయ్యాక వాణ్ని మెట్ల మీద కూర్చోబెట్టుకుని ఆ చొక్కా తొడిగి గుండీలన్నీ తనే పెట్టేది, ఒక్క ఆఖరిది తప్ప. దాన్ని కూడా సగం కాజాలోకి దూర్చి ఉంచేది. వాడు చెయ్యాల్సిందల్లా బయటికి లాగడం. లాగాడు. ‘అద్దీ!’ అంది. వారం పాటు అంతే. తర్వాత ఆఖరి గుండీ మొత్తం వాడిదే. ఆ తర్వాత ఆఖరి రెండు. ఎండాకాలం అయ్యేసరికి చొక్కా మొత్తం వాడే వేసుకున్నాడు. వెనక నుంచి ముందుకి నేర్పే ఈ పద్ధతిని చాలా ఏళ్ల తర్వాత సికింద్రాబాద్‌లో నా ట్రైనింగులో పాఠంగా చెప్తుంటే, ఆ మెట్లే కళ్ల ముందు మెదిలాయి. పని పూర్తయిన ఆనందం మొదటిరోజే పిల్లాడి వేళ్లకి అందుతుంది, అదీ ఇందులో కిటుకు.

ఆ రోజు మా అమ్మ సంతోషిస్తుందనుకున్నాను. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ‘ఇన్నేళ్లూ వీణ్ని నేనేం చేశాను’ అంది. మొదటి పదేళ్లు మేం వాణ్ని ఒప్పుకోలేదు. తర్వాత పద్నాలుగేళ్లు వాణ్ని నమ్మలేదు. రెండూ ప్రేమ పేరుతోనే చేశాం. తమ్ముడికిప్పుడు 58. మా పెదనాన్నగారి మనవడి కిరాణా కొట్లో పొట్లాలు కడతాడు. నీటుగా గుండీలు పెట్టుకుని, పైది కూడా, ఉక్కపోతగా ఉన్నా సరే.

కాబట్టి మీ అమ్మగారి సామెతకి నా దగ్గర జవాబుంది. చిన్నప్పుడే మొదలుపెడితే మేలన్న మాట నిజమే, మీరు మొదలుపెట్టారు కూడా. కానీ ఐదేళ్లకో ఆరేళ్లకో తలుపు మూసుకుపోతుందని ఎవరైనా భయపెడితే నమ్మకండి. నాలుగేళ్లకి మాటలు రాని ఆటిజం పిల్లల్లో చాలామందికి తర్వాతి సంవత్సరాల్లో చిన్న చిన్న వాక్యాలు వచ్చాయని పరిశోధనలున్నాయి. మీ బాబుకి వస్తాయని నేను హామీ ఇవ్వలేను. ఎవరూ ఇవ్వలేరు. ఇస్తే అనుమానించండి. మాట రాకపోయినా బొమ్మల కార్డులు, ఫోన్‌లో బొమ్మ నొక్కితే పలికే యాప్‌లు ఉన్నాయి. వాటికి అలవాటు పడితే నోటి మాట రాదేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. అది నిజం కాదు, వాటి ఆసరాతోనే మాట వచ్చిన పిల్లలున్నారు. మీ స్పీచ్ థెరపిస్టుని ఈ వారమే అడగండి.

ఇక నాకు కోపం తెప్పించిన విషయం. ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడమన్నారా?

ఆ సలహా ఇచ్చినవాళ్లకి చెడు ఉద్దేశం ఉండదు. రెండు భాషలైతే పిల్లాడు తికమకపడతాడని, బడికి ఇంగ్లిషే కావాలని వాళ్ల లెక్క. కానీ రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లల మాట వెనకపడుతుందనడానికి ఆధారం దొరకలేదు. దీని మీద చాలా దేశాల్లో చూశారు. మీ ఇంట్లో ఏం జరుగుతోందో ఆలోచించండి. మీరు బాబుతో ‘కమ్, సిట్, ఈట్, గివ్ మీ’ అంటున్నారు. అవి ఆజ్ఞలు. ఆ తల్లి ప్రేమంతా, విసుగంతా, ముద్దంతా ఎటుపోయింది? ‘ఓరి నా బంగారు కొండా, ఎక్కడ దాక్కున్నావురా’ అని ఇంగ్లిషులో అనలేరు కదా. అన్నా మీ గొంతు అలా ఊగదు. పిల్లలు మాటకి ముందు గొంతులో ఆ ఊపుని పట్టుకుంటారు. ఇంకొకటి, మీ అత్తయ్యగారు. ఇంగ్లిషు రాని ఆ పెద్దావిడ మూడేళ్లుగా మనవడితో మాట్లాడటం మానేసి ఉంటారు. తప్పు మాట అంటే పిల్లాడికి చెడుపని భయపడి ఉంటారు. ఆవిడ ‘వదిలెయ్’ అంటున్నారంటే, వాడి చదువులో, థెరపీలో, మాటల్లో ఎక్కడా ఆవిడకి చోటు లేకపోవడం కూడా కారణమేమో ఒకసారి చూడండి.

రేపటి నుంచి ఇంట్లో తెలుగే. బువ్వ, లాల, తాత, అత్త, అమ్మ, ఆవు. మన చంటిపిల్లల మాటల్లో ఎన్ని పెదవులు కలిపి పలికేవో, ఎన్ని ఒకే అక్షరం రెండుసార్లు వచ్చేవో గమనించారా? పిల్లల నోటికి తేలిగ్గా వచ్చే శబ్దాలని మన ముసలమ్మలు ఏ కోర్సూ చదవకుండానే ఏరి పెట్టారు. ఆరేళ్ల పిల్లాడికి బువ్వేమిటి అని సిగ్గుపడకండి. ఏ మెట్టు మీదున్నాడో అక్కడి నుంచే ఎక్కుతాడు. అత్తయ్యగారిని వాడి ఎదురుగా కూర్చుని చెమ్మచెక్క ఆడమనండి. ఆవిడకొచ్చిన పాటలు పాడమనండి. ఒక్కటే నేర్పండి: ప్రతి చరణంలో ఆఖరి మాట దగ్గర ఆగి, చేతులు గాల్లో ఉంచి, వాడి కళ్లలోకి చూస్తూ కాసేపు ఆగాలి. ఇందాక కుక్కర్ దగ్గర చెప్పిన పది అంకెలే. వాడు చెయ్యి లాగితే అదే జవాబు, మళ్లీ మొదలుపెట్టాలి. ఒకరి తర్వాత ఒకరు అన్న వరస, మాట్లాడటానికి మొదటి మెట్టు, ఆ ఆటలోనే ఉంది. సెంటర్‌లో ఒప్పుకోకపోతే, ఇంట్లో తెలుగు మాట్లాడితే ఏం నష్టమో ఆధారంతో చెప్పమని మర్యాదగా అడగండి.

రాత్రుళ్లు నిద్రపట్టకుండా మిమ్మల్ని తినేస్తున్న ఆ కారణాల సంగతి. ఎనిమిదో నెల దాకా ఆఫీసుకి వెళ్లడం వల్ల ఆటిజం రాదు. ఫోన్ వల్ల పుట్టేదీ కాదు. ఫోన్ తగ్గించండి, దాని ముందు గడిపే సమయమంతా మనిషితో ఆడుకునే సమయంలోంచే పోతుంది కాబట్టి. కానీ అదే కారణమని గుండెలు బాదుకోవద్దు. 1943లో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాసి ఆటిజాన్ని మొదటిసారి లోకం దృష్టికి తెచ్చారు. ఆ తర్వాత చాలా ఏళ్లు, తల్లులు ప్రేమ చూపకుండా ఫ్రిజ్‌లా చల్లగా ఉండబట్టే పిల్లలు ఇలా అయ్యారని చదువుకున్నవాళ్లే నమ్మారు. ఎందరో తల్లులు ఆ నింద మోస్తూ బతికారు. 1977లో బ్రిటన్‌లో కవల పిల్లల మీద చేసిన పరిశోధనతో లెక్క తేలడం మొదలైంది. ఒకే పోలికతో పుట్టిన కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికీ ఉండే అవకాశం మామూలు కవలల కంటే చాలా ఎక్కువని తేలింది. దీని మూలాలు ఎక్కువగా జన్యువుల్లో, కడుపులో మెదడు ఎదిగే తీరులో ఉన్నాయి. టీకాల వల్ల అని ఎవరైనా అంటే, ఆ మాట పుట్టించిన 1998 నాటి వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుందని చెప్పండి. మీరు చేసిన తప్పు లేదమ్మా. ఈ ఒక్క విషయంలో నన్ను నమ్మి పడుకోండి.

స్టెమ్ సెల్‌కి లోన్ తియ్యొద్దు. 2017లో భారత వైద్య పరిశోధన మండలి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం స్టెమ్ సెల్స్‌ని చికిత్సగా వాడేది కొన్ని రక్త సంబంధ జబ్బుల్లోనే. మిగతావన్నీ పరిశోధన కిందికే వస్తాయి. పరిశోధనలో చేరిన రోగి దగ్గర డబ్బు తీసుకోరు. 4 లక్షలు అడుగుతున్నారంటే అదేమిటో మీకే అర్థమవుతుంది. ఆ వాట్సాప్ స్నేహితురాలి మీద కోపం వద్దు, ఆవిడా మీలాంటి తల్లే. మీవారితో మాట్లాడేటప్పుడు ‘నీకు పిల్లాడి మీద ఆశ లేదా’ అన్న మాట రావచ్చు. మగవాళ్లు చాలామంది దుఃఖాన్ని ఇలా ఖర్చు రూపంలో బయటపెడతారు, రాత్రంతా పనిచేసేవాడికి చెయ్యగలిగింది డబ్బు తేవడం ఒక్కటే కనిపిస్తుంది. ఆయనకి వేరే పని ఇవ్వండి. ఆదివారం పొద్దున కుక్కర్ డ్యూటీ ఆయనది. వాడు వచ్చి నాన్న చెయ్యి పట్టుకోనివ్వండి.

ఆయనకే ఇంకో పని కూడా: కాగితాలు. బాబుకి వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్లకి ఇచ్చే గుర్తింపు కార్డు) లేకపోతే ముందు అవి తీయించమనండి. వైకల్యం 40 శాతం, ఆపైన అని వస్తే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు వాడికుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులు వస్తాయి, థెరపీ కూడా అందులో ఉంటుంది. ఆదాయ పన్ను పాత విధానంలో కడుతుంటే వైకల్యం ఉన్న పిల్లల పోషణ కింద 75,000 రూపాయలు, వైకల్యం తీవ్రంగా ఉంటే 1,25,000 మినహాయింపు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో నీపిడ్ ఉంది. పాతవాళ్లం ఇప్పటికీ ఎన్‌ఐఎంహెచ్ అంటాం. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. మీకు మరీ దూరం కాదు. ఒకసారి తీసుకెళ్లి అక్కడ కూడా చూపించండి.

ఇప్పుడు మీరు. ఉత్తరం మొత్తంలో మీ గురించి రెండే వాక్యాలు రాశారు, నిద్ర పట్టదని, నవ్వి ఎన్నాళ్లయిందోనని. ‘బాబుకి మాటలొచ్చాక సంతోషంగా ఉంటాను’ అని మనసులో ఒక తేదీ పెట్టుకున్నట్టున్నారు. ఆ తేదీ జరుగుతూ పోతుంది. మాటలొస్తే వాక్యాలు రావాలి, వాక్యాలొస్తే బడి, బడైతే పదో తరగతి. ఈలోపు ఈ ఆరేళ్ల పిల్లాడు మళ్లీ రాడు.

రోజుకి ఒక అరగంట మీరు టీచర్ కాదు. వాడు ఫ్యాన్ కింద పడుకుంటాడన్నారుగా, మీరూ వెళ్లి పక్కన పడుకోండి. రంగులు అడగొద్దు, ‘ఫ్యాన్’ అనిపించొద్దు. రెక్కలు తిరగడం చూడండి. వేగం తగ్గిస్తే ఒక్కో రెక్కా విడిగా కనిపిస్తుంది, పెంచితే కలిసిపోతుంది. వాడికి అందులో ఏం నచ్చిందో చూసే ప్రయత్నం చెయ్యండి. నా దగ్గరికి వచ్చిన ఒక తల్లి ఇలా చేసినప్పుడు తొమ్మిదో రోజున పిల్లాడు తల పక్కకి తిప్పి, ఈవిడ ఇక్కడెందుకుంది అన్నట్టు చూశాడట. ‘వాడు నన్ను చూశాడు మేడమ్’ అని నాకు ఫోన్ చేసి చెప్పింది, ఏడుస్తూ నవ్వుతూ. మీకు తొమ్మిదో రోజునే జరుగుతుందని కాదు. ఆ అరగంట ఏమీ జరక్కపోయినా అది మీ ఇద్దరిదీ.

థెరపీ మానెయ్యమని నేను అనను. కానీ ఐదు రోజులూ సెంటర్, రాత్రి హోంవర్కు అంటే పెద్దవాళ్లకే కష్టం. నెలకి ఒక్క పని లక్ష్యంగా పెట్టుకుందామని, అది ఇంటి పనుల్లో కలిసిపోయేలా చెప్పమని అడగండి. ఒక రోజు తగ్గించే వీలుందేమో వాళ్లతోనే మాట్లాడి తేల్చుకోండి. మీ అత్తయ్యగారు మనవడితో ఆడటం మొదలుపెట్టాక, సాయంత్రం ఒక గంట ఆవిడకి అప్పజెప్పి బయటికి వెళ్లండి. కూరగాయలకి వెళ్తే లెక్కలోకి రాదు. పాత బ్యాంకు స్నేహితురాలిని కలవండి. పార్కులో ఊరికే కూర్చోండి. ఉద్యోగం మళ్లీ చెయ్యాలా అన్నది ఇవాళే తేల్చక్కర్లేదు. కానీ ఆ నెలలో భయంతో తీసుకున్న నిర్ణయం జీవితాంతం ఉండాలనేమీ లేదు.

నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఇష్టం లేకపోవడం రెండు వారాలు దాటి ఉంటే దాన్ని అలసట అని కొట్టిపారెయ్యకండి. డాక్టరుకి చూపించుకోండి. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్, ప్రభుత్వానిదే, ఏ వేళకైనా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బాబుకి ఐదు రోజులు థెరపిస్టు దగ్గరికి వెళ్లడం తప్పు కానప్పుడు మీకు ఒక్కరోజు వెళ్లడం తప్పెలా అవుతుంది?

ఆ నోటుబుక్కు పారెయ్యకండి. ఎడమ పేజీలో మాటలు రాస్తూనే ఉండండి. కుడి పేజీ ఖాళీగా ఉంటుంది కదా, అందులో వాడు నోటితో కాకుండా చెప్పినవి రాయండి. మొదటి పంక్తిలో కుక్కర్ సంగతి, మూడు విజిళ్లు లెక్కపెట్టాడని, ఒక చెవి మూసుకోకుండా మీ చెయ్యి పట్టుకున్నాడని, తేదీ వేసి రాయండి. నెల తర్వాత మళ్లీ ఉత్తరం రాయండమ్మా. నాయనమ్మా మనవడూ ఏ ఆట ఆడుతున్నారో తప్పకుండా చెప్పండి.